జాజ్ చెవికెక్కాలంటే

ప్రశ్న: మా అమ్మాయి మూడేళ్లుగా సాక్సఫోన్ నేర్చుకుంటోంది. ఈ మధ్య నలుగురితో కలిసి ఒక చిన్న జాజ్ బృందంలో వాయిస్తోంది. నేను పాత సినిమా పాటలు, కాస్తో కూస్తో కర్ణాటక సంగీతం విని పెరిగినదాన్ని. జాజ్ పెడితే ఐదు నిమిషాలకే విసుగొస్తుంది. పాటేదో మొదలైనట్టే ఉంటుంది, అంతలోనే ఎవరికి తోచింది వాళ్లు వాయించుకుంటూ పోతారు. సాక్సఫోన్ చెవిలో గీరినట్టు ఉంటుంది. ‘వినితీరాల్సిన వంద’ అని ఒక జాబితా దొరికితే పట్టుదలగా నెల రోజులు విన్నాను. ఇష్టం పుట్టకపోగా చిరాకు ఇంకా పెరిగింది. అమ్మాయి వాయిస్తున్నప్పుడు నటించకుండా వినాలని ఉంది. ఈ వయసులో చెవి మారుతుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మారుతుంది. కానీ ఆ వంద పాటల జాబితాతో మారదు. ముందు దాన్ని పక్కన పెట్టేయండి.

అలవాటైన కొద్దీ ఇష్టం పెరుగుతుందన్న మాట నిజమే. రాబర్ట్ జాయోంట్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1968లో ఈ సంగతిని ప్రయోగాలతో చూపించాడు. అర్థం తెలియని మాటలైనా, ముక్కూ మొహం తెలియని మనుషుల ఫొటోలైనా, ఎక్కువసార్లు ఎదురైనవాటినే జనం ఎక్కువ మెచ్చుకున్నారు. ఇందులో ఒక మెలిక ఉంది. ఇష్టమూ అయిష్టమూ లేని వస్తువు విషయంలో ఇది చక్కగా పనిచేస్తుంది. అప్పటికే చిరాకు తెప్పించేదాన్ని పళ్లు బిగించుకుని పదే పదే వింటే ఆ చిరాకే ముదురుతుంది. పైగా నెలలో వంద పాటలంటే ఒక్కో పాటను ఒకసారో రెండుసార్లో విని ఉంటారు. చిరాకు వందసార్లు కలిగింది, పరిచయం మాత్రం ఒక్కదానితోనూ కాలేదు.

సంగీతంలో సుఖం చాలావరకు ‘ఇప్పుడు ఇది వస్తుంది’ అని ఎదురుచూడటంలో ఉంటుంది. 2011లో మాంట్రియల్ పరిశోధకులు శ్రోతలకు వాళ్లకిష్టమైన సంగీతాన్నే వినిపిస్తూ మెదడును పరిశీలించారు. ఒళ్లు పులకరించే క్షణంలోనే కాదు, దానికి కొద్ది సెకన్ల ముందు ఎదురుచూపులో కూడా మెదడులో డోపమైన్ అనే, సుఖంతో ముడిపడిన రసాయనం విడుదలవుతోందని తేలింది. పల్లవి తిరిగి వస్తుందని తెలిసి మీరు చరణం వింటారు. జాజ్‌లో ఏది తిరిగి వస్తుందో తెలియదు కాబట్టి మీ చెవి దేనికోసమూ కాచుకుని ఉండలేకపోతోంది. అది తెలుసుకుంటే సగం పని అయినట్టే.

తిరిగి వచ్చేది ఏమిటి?

మామూలు జాజ్ పాట నడక ఇలా ఉంటుంది. మొదట అందరూ కలిసి అసలు వరుస వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరు సోలో, అంటే అప్పటికప్పుడు తమ సొంత కల్పన, వాయిస్తారు. చివర మళ్లీ అందరూ కలిసి అదే వరుస వాయించి ముగిస్తారు. ఏడెనిమిది నిమిషాల పాటలో మీకు పట్టుదొరికే వరుస మొదట ఒక నిమిషం, చివర ఒక నిమిషం. మధ్యలో అది వినపడదు. మీరు పల్లవి కోసం చూస్తూ కూర్చుంటే ఆ మధ్య భాగమంతా ఎడారిలాగే ఉంటుంది.

కానీ వరుస కింద ఉన్న చట్రం మాత్రం ఎక్కడికీ పోదు. దాన్ని ‘బార్ల’తో కొలుస్తారు, బారు అంటే కొన్ని దెబ్బల తాళం ముక్క. అసలు వరుస 12 బార్లదైతే ప్రతి సోలో ఆ 12 బార్ల చక్రంలోనే తిరుగుతుంది. 32 బార్లదైతే 32లోనే. ఒక్కో బారులో సాధారణంగా నాలుగు దెబ్బలు. ప్రతి బారులో ఏ కార్డు రావాలో, అంటే ఏ స్వరాల గుత్తి మోగాలో, ముందే నిర్ణయమై ఉంటుంది. బేస్ (అడుగు స్వరాలు పలికే పెద్ద తీగ వాద్యం), పియానో ఆ వరస తప్పకుండా నడుస్తాయి. చక్రం ఒక చుట్టు పూర్తయితే దాన్ని వాద్యకారులు ‘కోరస్’ అంటారు. ‘ఆమె మూడు కోరస్‌లు వాయించింది’ అంటే అసలు పాట పొడవును మూడుసార్లు చుట్టిందని.

కల్పనస్వరాలు విన్న చెవికి ఇది పూర్తిగా కొత్తేమీ కాదు. తేడా ఒక్కటే. కల్పనస్వరంలో విద్వాంసుడు ప్రతిసారీ ఎత్తుకున్న పంక్తికి తిరిగొచ్చి ‘ఇదిగో ఇల్లు’ అని చూపిస్తాడు. జాజ్‌లో ఆ గుర్తు చూపించరు. ఇల్లు ఎక్కడుందో వినేవాళ్లే గుర్తుపెట్టుకోవాలి. ‘ఎవరికి తోచింది వాళ్లు’ అని మీకనిపించింది ఇందుకే.

లెక్కకు వేళ్ల కణుపులు చాలు. బొటనవేలు కాక నాలుగు వేళ్లు, వేలికి మూడు కణుపులు: మొత్తం 12. ఒక్కో కణుపు ఒక బారు, దాని మీద బొటనవేలితో నాలుగు దెబ్బలు. చిటికెన వేలి నుంచి చూపుడు వేలి చివరకు చేరేసరికి 12 బార్ల చక్రం ఒకటి అయిపోతుంది. 32 బార్ల పాటల్లో ఎక్కువభాగం ఎనిమిదేసి బార్ల నాలుగు ముక్కలు. వాటికి వేలికి రెండేసి కణుపులు వాడుకోండి, నాలుగు వేళ్లకు ఎనిమిది. అలా నాలుగు చుట్లు. నోటితో లెక్కపెట్టేవాళ్లు ‘ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు’ అని ప్రతి బారు మొదటి దెబ్బకు ఆ బారు సంఖ్య చెప్పుకుంటారు. ఏది సులువైతే అది.

మొదటి పాట, రెండు వారాలు

మీకు రాగం అలవాటు కాబట్టి కార్డులు చకచకా మారే పాటతో మొదలుపెట్టడం తప్పు. మీ చెవి ఒక షడ్జాన్ని పట్టుకుని కూర్చుంటుంది. జాజ్‌లో ఆ ఆధారం బారు బారుకీ జరుగుతుంటే శ్రుతి తప్పినట్టే వినిపిస్తుంది. అందుకని ఒకే స్వరస్థానాల మీద చాలాసేపు నిలిచే పాట కావాలి. దానికి ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ బృందం 1959లో న్యూయార్క్‌లో రికార్డు చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమ్‌లోని మొదటి పాట ‘సో వాట్’ కన్నా అనువైనది దొరకదు. గొప్పది కాబట్టి వినమని చెప్పడం లేదు. దాని నిర్మాణం మీకు అచ్చంగా సరిపోతుంది.

పాట తొమ్మిది నిమిషాల పైచిలుకు. చక్రం 32 బార్లు. మొదటి 16 బార్లు ఒక స్వరస్థాయిలో, తర్వాతి 8 బార్లు అదే స్వరక్రమం సరిగ్గా అరమెట్టు (అంటే పక్క స్వరస్థానమంత) పైన, చివరి 8 బార్లు మళ్లీ మొదటి చోట. ఆ స్వరక్రమాన్ని వాళ్లు డోరియన్ అంటారు. స్వరస్థానాలు చూస్తే అది మన ఖరహరప్రియే: చతుశ్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్శ్రుతి ధైవతం, కైశికి నిషాదం. గమకాలు ఉండవు, రాగభావం వెతకకండి, నిరాశపడతారు. తంబూరా శ్రుతిని ఎవరో ఉన్నట్టుండి అరమెట్టు పైకి జరిపి, కాసేపటికి మళ్లీ దించేశారనుకోండి. ఈ పాటలో జరిగేది అదే.

మొదటి అరనిమిషం పియానో, బేస్ కలిసి తాళం లేకుండా ఏదో వెతుకుతున్నట్టు వాయిస్తాయి. అక్కడ లెక్క మొదలుపెట్టకండి. తర్వాత బేస్ ఒక చిన్న పలుకు పలుకుతుంది, మిగతా వాద్యాలు రెండు దెబ్బల్లో బదులిస్తాయి. అదే అసలు వరుస. 32 బార్లు పూర్తయ్యేసరికి సుమారు ఒకటిన్నర నిమిషం అవుతుంది. సరిగ్గా అక్కడ డ్రమ్మర్ జిమ్మీ కాబ్ సింబల్ (పళ్లెంలాంటి లోహపు తాళం) మీద వేసిన ఒక పెద్ద దెబ్బ మోగుతుండగా ట్రంపెట్ సోలో మొదలవుతుంది. ఆ సింబల్ మోత మీకు మైలురాయి.

మొదటి మూడు రోజులు ఆ ఒకటిన్నర నిమిషమే వినండి, మూడేసి సార్లు. సింబల్ మోగగానే ఆపేయండి. పాట మొత్తం వినకుండా ఆపడం అపచారమేమీ కాదు. బేస్ పలుకు, దాని జవాబు, రెండూ కూనిరాగంగా తీయగలిగే వరకు ముందుకు పోవద్దు. చాలామంది ఈ దశలోనే తొందరపడతారు. వరుస నోటికి రాకుండా సోలోల్లోకి వెళ్తే మళ్లీ పాత కథే.

తర్వాతి మూడు రోజులు సింబల్ దాటి ఇంకో రెండు నిమిషాలు వినండి. అది మైల్స్ డేవిస్ ట్రంపెట్ సోలో, రెండు కోరస్‌లు. కానీ ట్రంపెట్ వినొద్దు! కింద బేస్ మీదే చెవి పెట్టండి. సోలో మొదలవగానే పాల్ చేంబర్స్ దెబ్బకో స్వరం చొప్పున నడవడం మొదలుపెడతాడు. ‘వాకింగ్ బేస్’ అనే పేరు అందుకే వచ్చింది. మీ పాదం ఆ నడకతో కలవాలి, అంతే.

ఏడో రోజు నుంచి అరమెట్టు జరగడాన్ని పట్టుకోండి. ఒక్కో చక్రం 56 సెకన్లు పడుతుంది. అందులో పైకి జరిగి ఉండేది 14 సెకన్లే. ఇక్కడ కొత్తవాళ్లందరూ తప్పిపోయే చోటు ఒకటుంది. చక్రం చివరి 8 బార్లు, తర్వాతి చక్రం మొదటి 16 బార్లు ఒకే స్థాయిలో ఉంటాయి కాబట్టి 24 బార్లు, అంటే సుమారు 42 సెకన్లు, ఏ మార్పూ లేకుండా సాగిపోతాయి. చక్రం ఎక్కడ ముగిసిందో, కొత్తది ఎక్కడ ఎత్తుకుందో తెలియదు. లెక్క తప్పితే మొదటికి పోకండి. ఊరికే వింటూ ఉండండి. అరమెట్టు పైకి జరిగినప్పుడు అది 17వ బారని మీకు తెలుసు, అక్కణ్నుంచి కణుపులు మళ్లీ ఎత్తుకోండి. అది ఎప్పుడు జరుగుతుందో చెవి తనంతట తాను ముందే పసిగట్టిన రోజున మీరు జాజ్ వింటున్నట్టు.

రెండో వారం చివర్లో సోలోలకు రండి. ట్రంపెట్ తర్వాత జాన్ కోల్ట్రేన్ టెనార్ సాక్సఫోన్ రెండు కోరస్‌లు, కానన్‌బాల్ ఆడర్లీ ఆల్టో సాక్సఫోన్ రెండు, బిల్ ఎవాన్స్ పియానో ఒకటి. ఒకే చక్రాన్ని నలుగురూ ఎలా నింపారో పోల్చి చూడండి. మైల్స్ ఎంత చోటు ఖాళీగా వదిలేస్తాడో, కోల్ట్రేన్ అదే చోట ఎన్ని స్వరాలు కుక్కుతాడో, ఆడర్లీ దగ్గరికొచ్చేసరికి వాతావరణం ఎలా తేలికపడుతుందో. మీ అమ్మాయి వాయించేది ఆల్టోనా టెనారా అడిగి తెలుసుకోండి. నేర్చుకునే పిల్లలకు ఎక్కువగా ఇచ్చేది ఆల్టో, టెనార్ కంటే చిన్నది, స్థాయి హెచ్చు. అదైతే ఆడర్లీ దగ్గర ఇంకో రెండు రోజులు ఎక్కువ ఆగండి.

రోజుకు పావుగంట చాలు. అలసి ఉన్న పూట వద్దు. వంట చేస్తూ, ఫోన్ చూస్తూ వినడం ఈ రెండు వారాలకు మానేయండి. తర్వాత ఎలాగైనా వినొచ్చు.

గీరుతున్నది సాక్సఫోనేనా?

బహుశా సగం తప్పు ఫోన్ స్పీకరుది. మనిషి చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్‌ల మధ్య శబ్దాలకు ఎక్కువ సున్నితంగా ఉంటుంది. సాక్సఫోన్‌లోని కీచుదనం, సింబల్ గీరుడు అక్కడే పడతాయి. డబుల్ బేస్ అడుగు తీగ 41 హెర్ట్జ్‌ల దగ్గర మోగుతుంది. అరచేతిలో పట్టే స్పీకరుకు అంత కింది స్థాయిని పలికించే శక్తి లేదు. అంటే ఏ నడక మీద సాక్సఫోన్ నిలబడి ఉందో ఆ నడకే మీకు అందలేదు. పునాది తీసేసి గోపురం చూపించినట్టు. చెవుల మీద నిండుగా కూర్చునే హెడ్‌ఫోన్లు గానీ, కాస్త పెద్ద స్పీకర్లు గానీ వాడి చూడండి. ఖరీదైనవి అక్కర్లేదు, బేస్ స్వరం ఒక్కొక్కటీ విడిగా వినపడితే చాలు.

మిగతా సగం దూరం. మామూలు గదిలో దగ్గరగా వాయిస్తే సాక్సఫోన్ 90 డెసిబెల్స్ దాటడం వింతేమీ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకు వినొచ్చు. ఆ పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగానికి తగ్గుతుంది, 90కి వచ్చేసరికి వారానికి 4 గంటలే. అమ్మాయి సాధన చేసే గదిలో ఎదురుగా కూర్చోకండి. పక్క గదిలో తలుపు ఓరగా వేసి వినండి, లేదా వాద్యం గొట్టం మీవైపు లేకుండా మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉండండి. చెవికి హింసగా ఉన్నంతసేపు ఇష్టం పుట్టమంటే ఎక్కడ పుడుతుంది?

మూడో వారం, నాలుగో వారం

సాక్సఫోన్‌తో సంధి కుదుర్చుకోవడానికి డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ (నలుగురి బృందం) వాయించిన ‘టేక్ ఫైవ్’ వినండి. ఇదీ 1959 నాటిదే, ఐదున్నర నిమిషాల లోపు. దీన్ని కట్టింది ఆ బృందంలో ఆల్టో వాయించిన పాల్ డెస్మండ్. అతని నాదంలో గాలి ఎక్కువ, కరుకు తక్కువ. బారుకు ఐదు దెబ్బలు కాబట్టి పాశ్చాత్య శ్రోతలను తికమక పెట్టిన పాటే గానీ, ఖండచాపు విన్నవాళ్లకు ఐదు కొత్త కాదు. చాపులో మనం 2+3గా విరుస్తాం, ఇక్కడ 3+2. ఒకటి రెండు రోజులు కాలు తడబడుతుంది. పియానో ఒకే చిన్న ముక్కను దాదాపు పాటంతా తిప్పుతూనే ఉంటుంది, డ్రమ్ సోలోలో కూడా. అందుకని ఇందులో సోలోలకు 32 లెక్కపెట్టే శ్రమ లేదు. పియానో చేయి పట్టుకుని డ్రమ్స్ ఎంత దూరం పోతాయో చూడటమే పని.

పాట అంటే మాటలుండాలి అనే మీ అలవాటును కూడా వాడుకోవచ్చు. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ కలిసి పాడిన 1956 నాటి ‘ఎల్లా అండ్ లూయీ’ ఆల్బమ్‌లో నెమ్మదైన పాట ఏదో ఒకటి ఎంచుకోండి. సాహిత్యం ఎదురుగా పెట్టుకుని నోటికి వచ్చేదాకా వినండి. తర్వాత ఆర్మ్‌స్ట్రాంగ్ ట్రంపెట్ అందుకున్నప్పుడు మీరు లోలోపల మాటలు పాడుకుంటూ వినండి. కణుపుల లెక్క అక్కర్లేదు, సాహిత్యమే లెక్క. ట్రంపెట్ ఏ మాట దగ్గర అసలు వరుసను ఆనుకుంది, ఏ మాట దగ్గర వదిలేసింది అన్నది ఇట్టే తెలుస్తుంది. జాజ్ నేర్చుకునేవాళ్లకు పాట మాటలు బట్టీ పట్టమని గురువులు చెప్పేదీ ఇందుకే. నిజానికి అరమెట్టు, డోరియన్ లాంటి మాటలు వింటేనే బెదురు పుట్టేవాళ్లు నేరుగా ఇక్కణ్నుంచే మొదలుపెట్టినా నష్టం లేదు.

నాలుగో వారం 12 బార్ల బ్లూస్. చిన్న బృందాలన్నీ తప్పనిసరిగా వాయించేది ఇది, మీ అమ్మాయి బృందం కూడా వాయిస్తూనే ఉండాలి. దీని ఆధారాన్ని స్వరాల్లో చెప్పుకుంటే: నాలుగు బార్లు స, రెండు బార్లు మ, రెండు బార్లు మళ్లీ స, తొమ్మిదో బారు ప, పదో బారు మ, చివరి రెండూ స. ఇది మూల రూపం. జాజ్‌వాళ్లు తొమ్మిది, పది బార్ల దగ్గర కార్డులు మార్చి అలంకారాలు చేస్తారు, అయినా చక్రం 12కే మూసుకుంటుంది. మధ్యరకం వేగంలో, నిమిషానికి 120 దెబ్బల దగ్గర, ఒక చుట్టు 24 సెకన్లు. 32 బార్ల కన్నా పట్టుకోవడం చాలా సులువు. అయిదో బారులో మధ్యమానికి ఎక్కడం, తొమ్మిదో బారులో బిగుతు, పదకొండులో ఇంటికి చేరడం, ఈ మూడే గుర్తులు.

ఈ దశలో అమ్మాయి సాయం తీసుకోండి. అసలు వరుస ఒక్కసారి నెమ్మదిగా, ఒంటరిగా వాయించమనండి. తర్వాత రెండు కోరస్‌లు తనకు తోచినట్టు వాయించమని చెప్పి, మీరు కణుపులు లెక్కపెడుతూ చక్రం ముగిసినచోట చేయెత్తండి. మూడింట రెండుసార్లు సరిపోతే చాలు. సరిపోకపోతే తప్పు మీదే కావాలని లేదు. బేస్ తోడు లేకుండా ఒంటరిగా వాయించేటప్పుడు నేర్చుకుంటున్నవాళ్లు బార్లు మింగేయడం మామూలే. ఇద్దరి లెక్కా ఎక్కడ విడిపోయిందో వెతుక్కోవడం మీకూ ఉపయోగం, తనకూ ఉపయోగం.

చప్పట్ల సంగతి. మనకు ఒకటో దెబ్బ మీద చేయి పడటం స్వభావం. జాజ్‌లో డ్రమ్మర్ ఎడమ పాదంతో మూసే జంట సింబల్, హైహ్యాట్, రెండు, నాలుగు దెబ్బల మీద ‘చిక్’ అంటుంది. చప్పట్లు కొడితే దానితోనే కొట్టాలి. ఒకటి, మూడు మీద కొట్టారంటే నడక బరువెక్కి ఈడ్చినట్టు అయిపోతుంది. ‘స్వింగ్’ అనే మాట మీ చెవిన పడే ఉంటుంది. దెబ్బను రెండు సమాన భాగాలుగా కాకుండా మొదటిది పొడవుగా, రెండోది పొట్టిగా విరవడమే స్వింగ్. మధ్యరకం వేగంలో సుమారు 2:1, అంటే తిశ్రగతిలో మధ్య అక్షరాన్ని మొదటిదానిలో కలిపేసినట్టు. వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గి సమానానికి దగ్గరవుతుంది. దీన్ని బుర్రతో పట్టుకోవడం కష్టం. హైహ్యాట్‌తో చేయి కలిసిన నాడు ఒళ్లే చెబుతుంది.

ఇప్పుడప్పుడే వద్దనుకోవాల్సినవి

మీ వంద పాటల జాబితాలో బీబాప్ చాలా ఉండే ఉంటుంది. 1940లలో చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ లాంటివాళ్లు తెచ్చిన ఆ పద్ధతిలో వేగం నిమిషానికి 250 దెబ్బలు దాటడం పరిపాటి. 12 బార్ల చక్రం 12 సెకన్లలో అయిపోతుంది, కణుపు మీద బొటనవేలు ఆనేలోపు కార్డు మారిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. వాళ్లు అప్పటికి అందరికీ తెలిసిన పాత పాటల కార్డుల వరస తీసుకుని, పైన కొత్త వరుస కట్టేవాళ్లు. జార్జ్ గెర్ష్విన్ 1930 నాటి ఒక పాట చట్రం మీద అలా లేచిన పాటలకు లెక్కే లేదు, ఆ చట్రానికి ‘రిథమ్ చేంజెస్’ అని పేరే పడిపోయింది. ఆ పాత పాట మనసులో మోగుతున్నవాళ్లకు కొత్తదానిలో చమత్కారం తెలుస్తుంది. మనకు ఆ పాతదే తెలియదు.

ఫ్రీ జాజ్ అసలు వద్దు. ఆర్నెట్ కోల్మన్ 1960లో రెండు క్వార్టెట్‌లను కలిపి సుమారు 37 నిమిషాలు ఏకబిగిన వాయించిన రికార్డు చాలా జాబితాల్లో కనిపిస్తుంది. ముందే నిర్ణయించిన చక్రాన్ని వదిలేయడం దాని ఉద్దేశం. చక్రమే తెలియని చెవికి దాన్ని వదిలేశారన్నది ఎలా తెలుస్తుంది? ఏడాది తర్వాత చూసుకోవచ్చు. ‘కాఫీ వేళ జాజ్’ రకం అంతులేని ప్లేలిస్టులూ పనికిరావు. అవి చెవిన పడకుండా జారిపోవడానికే తయారైనవి, వాటితో జాజ్ మీద చిరాకు పోవచ్చు గానీ జాజ్ మాత్రం రాదు.

1930లు, 40ల నాటి రికార్డుల విషయం కొంచెం వేరు. పది అంగుళాల 78 ఆర్‌పీఎమ్ రికార్డు ఒక వైపున సుమారు మూడు నిమిషాలే పట్టేది కాబట్టి పాటలు పొట్టి, సోలోలు ఇంకా పొట్టి. ఓపిక తక్కువున్నవాళ్లకు అది వరమే. కానీ చిటపటల వెనక బేస్ సరిగా వినపడదు, మనకు కావాల్సింది అదే. రెండో నెలలో వినండి.

కచేరీకి వెళ్లే ముందు

అమ్మాయిని మూడే అడగండి. పాట పేరేమిటి, చక్రం ఎన్ని బార్లు, సోలోలు ఏ వరసలో వస్తాయి. రెండు మూడు పాటలకు ఈ వివరాలు చీటీ మీద రాసుకుని, అసలు వరుసలు ముందే రెండేసి రోజులు వినండి. బేస్ వాయించేవాళ్ల చేతులూ, డ్రమ్మర్ కాలూ కనపడేచోట కూర్చోండి. రికార్డులో అర్థం కానిది కళ్లెదుట ఇట్టే అర్థమవుతుంది. సోలో ముగించబోతూ ఒకరినొకరు చూసుకుంటారు, తల ఊపుతారు. అదే చక్రం చివర. పాట మధ్యలో, సోలో అవగానే జనం చప్పట్లు కొడతారు, అది మర్యాదే. చివరి వరుసకు ముందు ఒక్కోసారి సాక్సఫోన్ నాలుగు బార్లు, డ్రమ్స్ నాలుగు బార్లు చొప్పున విడిచి విడిచి వాయించుకుంటారు. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం పంచుకున్నట్టే ఉంటుంది, అక్కడ మీకు ఏ పాఠమూ అక్కర్లేదు. మొదటి సారికి ముప్పావుగంట చాలు. విరామంలో లేచి వచ్చేయడానికి మొహమాటపడకండి.

ఇదే దారి ఇతర సంగీతాలకూ పనికొస్తుందా అని అడిగేవాళ్లుంటారు. పనికొస్తుంది, పట్టుకోవాల్సిన కొస మారుతుంది. మెటల్ సంగీతంలో గొంతు చించుకునే గాత్రాన్ని పాటగా వినడం మానేసి, దాన్ని ఇంకో తాళవాద్యంగా వింటూ గిటార్ తిప్పే చిన్న వరుసను పట్టుకోవాలి. రాప్ అయితే ముందు సాహిత్యం చదవాలి, ప్రాస బారులో ఎక్కడ పడుతోందో చూడాలి. ఒపేరాకు కథ, ఆ ఘట్టం ముందే తెలియాలి.

రెండు నెలల తర్వాత

ఇష్టం ఒక ఉదయాన హఠాత్తుగా తలుపు తట్టదు. మొదట వచ్చే మార్పులు చిన్నవి. గిన్నెలు కడుగుతూ బేస్ పలుకు కూనిరాగం తీస్తుంటారు. ఎవరో పాటను 20వ బారు దగ్గర ఆపేస్తే ఏదో వెలితిగా ఉంటుంది. ఒక సోలో బాగుంది, ఇంకోటి సాగదీశారు అని పోల్చగలుగుతారు. మొత్తం జాజ్ నచ్చక్కర్లేదు. పియానో, బేస్, డ్రమ్స్ ముగ్గురి బృందాలు మాత్రమే నచ్చి, ఊదే వాద్యాలు ఎప్పటికీ నచ్చకపోవచ్చు. ఒకే పాట మరీ ఎక్కువసార్లు వింటే మొహం మొత్తుతుంది కూడా. కూనిరాగం వచ్చాక వారం రోజులు దాన్ని వదిలేసి, మళ్లీ వింటే తాజాగా ఉంటుంది. ఎనిమిది వారాలకు ఈ గుర్తులేవీ కనపడకపోతే ఆపేయండి. ఆ తర్వాత లాగడం వల్ల పెరిగేది చిరాకే.

అమ్మాయితో మాత్రం ‘చాలా బాగుంది’ అనడం ఇప్పుడే మానేయండి. నటన అని పిల్లలకు చప్పున తెలిసిపోతుంది. దానికి బదులు ఈ వారం మీకు వినపడిన ఒక్క విషయం చెప్పండి. ‘రెండో కోరస్ తొమ్మిదో బారులో బేస్ పైకి పోతుంటే నువ్వు ఆగిపోయావు, కావాలనే ఆగావా?’ అని అడిగి చూడండి. నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి, ఏ బారులోనో కూడా చెప్పండి.